బియ్యంలో రాసిన పేరు

"ప్రాజక్తా, బియ్యం ఏరుడైనంక ముందు గది ఇంకోపాలి తుడువు. పుణెవాల్లు పదకొండు కల్లా వస్తరు" అని భర్త వీరేష్ అద్దం ముందు నిలబడి కేకేశాడు.

ప్రాజక్త పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. తుడవడం ఎప్పుడో అయిపోయింది. అశోక్ చౌక్ వెనక సందులో ఉన్న ఆ ఇంటికి ముందు గది కంప్యూటర్ క్లాసు, వెనక షెడ్డు మామ రాజారాం సాంచాలు, మధ్యలో ఉన్న రెండు గదుల్లో మనుషులు. టవళ్ళు నేసే ఆ కరెంటు మగ్గాల నుంచి లేచిన నూలు నుసి మధ్యలో మనుషుల్ని దాటుకుని ముందు గదిలోకి పోయి కీబోర్డుల సందుల్లో, ఫ్లాపీ పెట్టే చోట చేరుతుంది. రోజూ పొద్దున్నే దాన్ని మెత్తటి కుంచెతో ఊడ్చేది ప్రాజక్తే. ఊడ్చకపోతే మధ్యాహ్నానికి ఏదో ఒక కంప్యూటర్ మొరాయిస్తుంది. అప్పుడు దాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించేది కూడా ప్రాజక్తే. బయట బోర్డు మీద మాత్రం 'వీరేష్ కంప్యూటర్స్, ప్రొప్రయిటర్: వీరేష్ రాజారాం వడ్నాల్' అని ఎర్రరంగుతో రాసి ఉంది. బోర్డులు రాసేవాళ్ళు ఊడ్చేవాళ్ళ పేర్లు అడగరు.

అది రెండు వేల సంవత్సరం. కొత్త సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని బెదిరించినవాళ్ళు ఏమీ జరగకపోయేసరికి మెల్లగా మాట మార్చారు. డాట్‌కామ్ అన్న మాట వినపడితే చాలు సంచులు విప్పినవాళ్ళు ఇప్పుడు ఆ సంచుల మూతులు బిగించుకుంటున్నారు. సోలాపూర్‌లో మాత్రం కుర్రాళ్ళకు ఇంకా ఆశ చావలేదు. జావా నేర్చుకుంటే పుణె, పుణె దాటితే బెంగళూరు, సాంచాల చప్పుడు వినపడని ఊరు ఏదైనా సరే అనుకుంటూ వీరేష్ క్లాసులో చేరేవాళ్ళు.

క్లాసులో వీరేష్‌ను వాళ్ళు 'సర్' అనేవాళ్ళు. ప్రాజక్తను 'వహినీ' అనేవాళ్ళు, అంటే వదిన. సర్ చౌక్‌లో స్నేహితుల దగ్గర ఉన్నప్పుడు వహినీ వచ్చి సి ప్రోగ్రాముల్లో తప్పులు దిద్దేది, పాయింటర్లంటే ఏమిటో బల్ల మీద నూలు కండెలు పేర్చి చూపించేది. సర్ తిరిగొచ్చి "వహినిని చాయ్ అడుగున్రి, ప్రోగ్రాములు నన్నడుగున్రి" అని నవ్వేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. వీరేష్ చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. చెయ్యెత్తే మనిషి కాదు, తాగే మనిషి కాదు. నవ్వుతూ మాట్లాడతాడు. నవ్వుతూ అన్న మాటకు ఏడిస్తే నీదే తప్పవుతుంది, అదొక్కటే చిక్కు. పెళ్ళికి ముందే భవాని పేట్‌లో కంప్యూటర్ కోర్సు పూర్తి చేసింది ఆమె. అదే కోర్సు సగంలో వదిలేసింది అతను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియనిది కాదు, ఎవరూ ఎత్తనిది.

ఇక 'కండె' సంగతి. సాంచాలో అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడం ఆ ఇంట్లో కోడలి పని. ఒక చేత్తో చక్రం తిప్పుతూ ఇంకో చేత్తో నూలు వదులుతూ గంటలు గంటలు కూర్చోవాలి. చేతులకే పని, బుర్ర ఖాళీ. రెండేళ్ళ కింద ఆ ఖాళీ బుర్రలో పుట్టింది 'కండె' అన్న వెబ్ పేజీ. తెల్లారగట్ల, సాంచాలు మొదలవకముందే, ఆమె మోడెం కలిపేది. సాంచాలు తిరగడం మొదలైతే కరెంటు కుంగిపోయి లైను గరగరలాడేది, అందుకని ఆ వేళే దొరికేది. కీచుకీచుమని మోడెం అరిచి అవతలివైపు అందుకోగానే దేశదేశాల కంప్యూటర్ వార్తలు దించుకుని, లైను వదిలేసి, పొయ్యి వెలిగించేది. జొన్న రొట్టెలు కొడుతూ వాటిని నెమరేసుకునేది. కండెలు చుడుతూ ఒక్కో వార్తకు మాటలు కూర్చేది. అందరి భోజనాలయ్యాక, క్లాసు ఖాళీగా ఉన్న గంటలో, సాదా ఇంగ్లిషులో కొట్టి ఉంచి, మర్నాడు తెల్లారగట్ల లైను కలవగానే పేజీలో పెట్టేది. అది పేపరు రాసినట్టు రాసిన వార్త కాదు. కూరగాయలు ఇంటర్నెట్‌లో అమ్ముతామని చెప్పి బండి కూడా కొనకముందే షేర్లు అమ్ముకున్న ఒక కంపెనీ గురించి ఇలా రాసింది: "పడుగు ఎక్కించకముందే చద్దరు అమ్మేశారు. బాగానే ఉంది. చలేసినప్పుడు కొన్నవాళ్ళు ఏం కప్పుకుంటారో చూడాలి." నిన్ను ప్రేమిస్తున్నాను అంటూ వచ్చిన వైరస్ ఉత్తరాన్ని తెరిచి లోకంలో సగం ఆఫీసులు మూతపడ్డ రోజున ఇలా రాసింది: "ఆ మాట వినడానికి ఇంతమంది ఇంత ఆత్రంగా ఉన్నారని ఇవాళే తెలిసింది. ఇళ్ళల్లో ఎవరూ అనడం లేదు కాబోలు." కింద ఆ రోజుకో చిన్న ప్రోగ్రాం, దాన్ని ఇంకా పొట్టిగా ఎవరు రాస్తారో రాసి పంపమని సవాలు. పుణెలో, బొంబాయిలో, ఎక్కడెక్కడో ఉన్న సోలాపూర్ పిల్లలు మొదట చదివారు. తర్వాత సోలాపూర్ ఎక్కడుందో తెలియనివాళ్ళు కూడా చదివారు.

మొదటి రోజు వీరేష్ పేజీ చూసి సంబరపడ్డాడు. క్లాసుకు మంచి పేరొస్తుందన్నాడు. "గని ఆడోల్ల పేరు పెట్టకు. పిచ్చిపిచ్చి మెయిల్స్ వస్తయి. ఏదో ఒక పేరు పెట్టు" అన్నాడు.

ఆమె ఏదో ఒక పేరు పెట్టలేదు. 'బాలామణి' అని పెట్టింది.

"ఎవరీ బాలామణి?" అన్నాడు వీరేష్ సాయంత్రం, తెర మీదికి వంగి.

"నువ్వే చెప్పు" అంది ఆమె నవ్వుతూ.

"ముసల్దాని పేరు లెక్కున్నది. మంచిదే, ఎవ్వరు గుర్తువట్టరు" అని అతను కూడా నవ్వి, చెప్పులేసుకుని చౌక్‌కు వెళ్ళిపోయాడు.

నేతపని కోసం తెలుగు నేల వదిలి సోలాపూర్ వచ్చి మూడు తరాలయ్యేసరికి మనవాళ్ళకు మరాఠీవాళ్ళ అలవాట్లు చాలానే అబ్బాయి. అందులో ఒకటి పెళ్ళిలో కోడలి పేరు మార్చడం. ఇంటిపేరే కాదు, అసలు పేరే. పళ్ళెంలో బియ్యం పోసి, పెళ్ళికొడుకు చేతికి ఉంగరం ఇచ్చి, బియ్యంలో కొత్త పేరు రాయమంటారు. అతను రాస్తాడు, అందరికీ పేడాలు పంచుతారు, ఆ పూట నుంచి ఆ పిల్ల వేరే మనిషి. అత్త చంద్రభాగ పెళ్ళిచూపుల నాడే తేల్చేసింది. "బాలామణి పాతగున్నది. మా వీరేష్ పక్కన మంచిగుండాలె గద" అంది. ప్రాజక్త అన్న పేరు ఎవరో చెప్పారు, పెళ్ళి పత్రికలో కూడా ఆ పేరే అచ్చయింది. పీటల మీద ఆమె తలొంచుకుని, అతని ఉంగరం బియ్యాన్ని పక్కకు నెడుతూ గీసిన గీతలు చూసింది. రాయడం అయ్యాక చంద్రభాగ పళ్ళేన్ని ఒక్కసారి ఊపింది. బియ్యం మళ్ళీ చదునుగా సర్దుకుంది. ఆనాటి నుంచి అమ్మ కూడా అల్లుడి ముందు జాగ్రత్తగా ప్రాజక్త అనే పిలిచేది, భవాని పేట్ ఇంట్లో బీడీలు చుడుతూ ఇద్దరే ఉన్నప్పుడు 'బిడ్డా' అనేది. కాలేజీ సర్టిఫికెట్లు పెట్టె అడుక్కు చేరాయి. వాటితో పని పడితే కదా పైకి తీయడానికి.

ఆ సాయంత్రం చౌక్ నుంచి వచ్చేసరికి వీరేష్‌కు గుర్తొస్తుందనుకుంది. రొట్టెలోకి పల్లీల శేంగా చట్నీ వేస్తూ అతని ముఖం చూసింది. మర్నాడు గుర్తొస్తుందనుకుంది. అరే, ఇది నీ పేరే కదా అని ఒకనాడు నవ్వుతూ జడ లాగుతాడనుకుంది. రోజూ ఆ పేజీ చూసేవాడు, రోజూ కింద ఆ పేరు ఉండేది, రోజూ అతని కళ్ళు దాని మీంచి జారిపోయేవి. నోరు తెరిచి చెప్పొచ్చు కదా అంటారేమో. గుర్తుపెట్టుకోమని అడిగితే అది అడుక్కోవడం అవుతుంది. తిండి అడిగినా, చీర అడిగినా నామోషీ లేదు. నా పేరు గుర్తుంచుకో అని కట్టుకున్నవాణ్ణి అడుక్కోవడం ఆమెకు చేతకాలేదు. అందుకని ఊరుకుంది. పోనుపోను ఆ ఊరుకోవడంలోనే ఒక సుఖం మొదలైంది. ఇంట్లో ప్రాజక్త రొట్టెలు చేసేది, టవళ్ళ అంచులకు ముడులేసేది, మామకు కాళ్ళనొప్పుల నూనె వేడిచేసేది. పేజీలో బాలామణి ఎవరికీ భయపడేది కాదు.

పోయిన వారం మెయిల్ వచ్చింది. పుణెలో కొత్తగా పెట్టిన ఒక వార్తల వెబ్‌సైటు వాళ్ళు రాశారు. 'కండె'ను తమ సైటులోకి తీసుకుంటారట, రాసే మనిషికి ఉద్యోగం ఇస్తారట. సోలాపూర్‌లో ఉండే రాసి పంపొచ్చట. వాళ్ళ సైటు మొదటి పేజీలో పేరు వేస్తారట. ఇదంతా తర్వాత చదివింది. మొదట్లో 'డియర్ బాలామణి' అని ఉంది చూడండి, అక్కడే ఆగిపోయింది. సవాళ్ళకు జవాబులు పంపేవాళ్ళు ఉత్త ప్రోగ్రామే పంపేవాళ్ళు, పెళ్ళయ్యాక ఇంకో మనిషి ఆమెను ఆ పేరుతో పిలవడం అదే మొదలు. చక్రం దగ్గర కూర్చుని కండె మీద కండె చుడుతూ, సాంచాల హోరులో ఎవరికీ వినపడదన్న ధైర్యంతో, ఆ రెండు మాటలూ పైకి అనుకుంది.

వీరేష్ కూడా ఆ మెయిల్ చూశాడు. అతని ఆనందం అంతా ఇంతా కాదు. "చూసినవా, నా పేజీకి ఎంత డిమాండో! నేను మాట్లాడ్త వాల్లతోని. హోట్గి రోడ్డు మీద ఫ్లాట్ చూద్దాం ఇగ" అన్నాడు.

"రాసేది నేను గద" అంది ఆమె.

"ఎవరు కాదన్నరు? నువ్వు టైప్ కొడ్తవు, నేను నడిపిస్త. కంప్యూటర్ ఎవరిది, క్లాస్ ఎవరిది? రేపు వాల్లు మీటింగ్‌కు పుణె రమ్మంటే నువ్వు పోతవా, ఇంట్ల రొట్టెలు ఎవరు చేస్తరు? నీ పనిని నేను ఎన్నడన్న తక్కువ చేసిన్నా చెప్పు?"

ఎన్నడూ తక్కువ చేయలేదు. లేనిదాన్ని తక్కువ ఎలా చేస్తారు? మామ రాజారాం బీడీ ఆర్పి, "ఎవరు చేస్తే ఏంది బిడ్డా, ఇంటి పేరే గద పైకొచ్చేది" అన్నాడు. ఇంటి పేరు ఎప్పుడూ పైకే వస్తుంది. దాని కింద నలిగిన పేర్ల మాట ఆయనకు తట్టలేదు. వీరేష్‌కు ఇంకొక్క అవకాశం ఇద్దామనుకుంది ఆమె. పుణెవాళ్ళ ముందు కూర్చున్నప్పుడన్నా, బాలామణి ఎవరని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడన్నా అతను ఆగి ఆలోచిస్తాడు. గుర్తొస్తే చాలు, తక్కినదంతా సర్దుకుందాం, ఉద్యోగం అతనే చేసినట్టు చెప్పుకోనీ అని కూడా అనుకుంది. ఆడవాళ్ళు ఎంత చవగ్గా రాజీకి ఒప్పుకుంటారో చూడండి.

అందుకే ఇవాళ బియ్యంలో ఏరిన చోటే మళ్ళీ రాళ్ళు ఏరుతోంది.

పుణెవాళ్ళు ఇద్దరు వచ్చారు. కంపెనీ పెట్టిన ప్రథమేశ్, వార్తల విభాగం చూసే శీతల్. ఇద్దరికీ ముప్పై ఉండవు. ప్రథమేశ్ రాగానే వీరేష్ చెయ్యందుకుని ఊపి, కుర్చీలో కూలబడి, కరెంటు ఎంతసేపు ఉంటుంది, లైను స్పీడెంత అని మరాఠీలో మొదలుపెట్టాడు. వీరేష్ ఇస్త్రీ చొక్కాలో వెలిగిపోతూ అన్నిటికీ జవాబు చెప్పాడు. శీతల్ మాత్రం గోడలు చూసింది, కంప్యూటర్ల మీద కప్పిన టవళ్ళు చూసింది, వెనక నుంచి వస్తున్న సాంచాల చప్పుడు విన్నది. గడప దగ్గర కూర్చుని టవళ్ళ అంచులు ముడులేస్తున్న చంద్రభాగకు దండం పెట్టింది.

ప్రాజక్త అటుకుల పోహె పళ్ళాలు పెద్ద పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది.

"నేను రెండేళ్ళుగా చదువుతున్నాను" అంటోంది శీతల్ వీరేష్‌తో. "మా ఆఫీసులో పొద్దున్నే చాయ్ కన్నా ముందు అదే. ఇళ్ళల్లో ఎవరూ అనడం లేదు కాబోలు అని రాశారు చూడండి, ఆ వైరస్ వచ్చినప్పుడు, అది ప్రింటు తీసి నా బల్ల మీద అంటించుకున్నాను. ఒకటి అడగాలి. బాలామణి ఎవరు? ఇవి మగవాడు రాసిన మాటలు కావని నేను మొదటి నుంచీ అంటున్నాను, ప్రథమేశ్ ఒప్పుకోడు."

ప్రాజక్త పళ్ళెం పట్టుకుని అక్కడే ఆగింది. వీరేష్ వైపు చూసింది. ఇప్పుడు, అనుకుంది. ఇప్పుడు ఆలోచించు.

వీరేష్ హాయిగా నవ్వాడు. "నేనే మేడమ్. అది ఎవరి పేరూ కాదు, ఊరికే నోటికొచ్చింది పెట్టాం. అసలు అలాంటి మనిషే లేదు."

అతను అబద్ధం చెప్పి ఉంటే ప్రాజక్తకు కోపం వచ్చేది, ఏడుపు వచ్చేది, వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకునేది, సాయంత్రానికి మామూలైపోయేది. ఏడేళ్ళలో అలాంటివి బోలెడు మింగింది. కానీ అతను అబద్ధం చెప్పలేదు. ఆ ముఖం ఆమెకు బాగా తెలుసు. బొంకేటప్పుడు ఎడమ చెవి రుద్దుకుంటాడు, ఇప్పుడు రుద్దుకోలేదు. నిజంగానే, నిండు మనసుతో, అలాంటి మనిషి లేదనే అతని నమ్మకం. స్కూల్లో ఆటల్లో గెలిచిన బాలామణి, అమ్మ చుట్టిన బీడీ కట్టలు మోసుకుంటూ భవాని పేట్ సందుల్లో పాఠాలు వల్లెవేసిన బాలామణి, మొదటి ప్రోగ్రాం నడిచిన రోజు క్లాసులో పైకి కేక పెట్టి అందరిచేతా చీవాట్లు తిన్న బాలామణి, ఆ పిల్లను ఈయన ఒక ఉంగరంతో తుడిచేశాడు, తుడిచిన సంగతి కూడా మర్చిపోయాడు. తను ఇన్నాళ్ళూ ఎవరి జ్ఞాపకం కోసం గడపలో నిలబడి ఎదురుచూస్తోంది? అతనికి గుర్తొస్తేనే తను ఉన్నట్టా? ఈ ప్రశ్న ఇంతకు ముందే ఎందుకు వేసుకోలేదా అని తనకే ఆశ్చర్యం వేసింది.

పళ్ళెం బల్ల మీద పెట్టింది. శీతల్ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంటికొచ్చిన వాళ్ళ ఎదుట ఆ గదిలో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

"ఉంది" అంది మరాఠీలో. "బాలామణి నేనే. రాసేది నేను."

వీరేష్ నవ్వు కాసేపు ముఖం మీదే ఉండిపోయింది. "మా ఇంట్లో ఈమెకు పరాచికాలు ఎక్కువ. టైపింగ్ ఈమెదే లెండి" అన్నాడు వాళ్ళతో. ఆమె వైపు తిరిగి పళ్ళ సందునుంచి తెలుగులో, "ఏం మజాక్ ఇది? లోపలికి పో" అన్నాడు.

"మజాక్ ఏందిరా?" అంది చంద్రభాగ గడప దగ్గర్నుంచి, ముడి వేస్తున్న టవల్ మీంచి తల కూడా ఎత్తకుండా. కోడలి పక్షం మాట్లాడాలని కాదు, ఉన్న సంగతి తప్పుగా చెబితే ఆమె ఊరుకోదు, అంతే. "బాలామణి దాని పుట్టింటి పేరే గద. నేనే గద పాతగున్నదని మార్పిచ్చింది. లగ్నంల బియ్యంల నువ్వే గద రాసినవ్. యాది లేదా?"

వీరేష్ తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, కంప్యూటర్ వైపు చూశాడు. రెండేళ్ళ పాటు రోజూ చూసిన పేరు ఇప్పుడు మొదటిసారి చదువుతున్నట్టు అతని పెదాలు మెల్లగా కదిలాయి. అతని మీద జాలి కలుగుతుందేమోనని ప్రాజక్త భయపడింది, కలగలేదు.

శీతల్‌కు తెలుగు రాకపోయినా బాలామణి, లగ్నం అన్న మాటలు చాలు. "పెళ్ళిలో మార్చారా?" అంది మెల్లగా. "మా అమ్మకూ మార్చారు." తర్వాత తన కుర్చీని పూర్తిగా ఇటు తిప్పింది. "బాలామణీ, మాకు రాస్తారా?"

ఇక్కణ్ణుంచి మనం కూడా ఆమెను బాలామణి అనే అందాం. పేరు చెప్పాక కూడా పాత పేరుతో పిలవడం మర్యాద కాదు.

"రాస్తాను" అంది బాలామణి. "ఇక్కణ్ణుంచే. మీటింగ్ ఉంటే వస్తాను, పుణె రైలెక్కడం నాకు వచ్చు. కాగితాలన్నీ ఈ పేరు మీదే పంపండి. ఇన్నాళ్ళూ పేరు పేజీ కింద పెట్టాను, ఇక పైన పెట్టండి."

వాళ్ళు వెళ్ళాక ఇంట్లో ఏం జరిగిందో ఊహించుకోవడం కష్టం కాదు. పోహె పళ్ళాలు అలాగే ఉన్నాయి. వీరేష్ ఇస్త్రీ చొక్కా విప్పి విసిరేశాడు.

"పరాయోల్ల ముందట నా ఇజ్జత్ తీసినవ్! యాది లేకపోతే లేదు, గదేమన్న ఖూనీనా? ముందే ఒక్క మాట చెప్తె ఏం పోతుండె?"

"రెండేండ్ల సంది రోజూ చెప్పిన. పేజీ కింద, పెద్ద అక్షరాలల్ల."

"నేను నీకు ఏం తక్కువ చేసిన?"

"ఏం తక్కువ చెయ్యలె. నేనే లేనన్నవ్."

కొడుక్కు దొరకని జవాబు తండ్రి వెతికాడు. రాజారాం షెడ్డులోంచి వచ్చి, తుండుతో మెడ తుడుచుకుని, తీర్పు చెప్పేవాడిలా గోడకు ఆనుకున్నాడు. "ఇల్లన్నంక సర్దుకోవాలె బిడ్డా. కోపం చెయ్యకు గని, ఫోన్ లైను నా పేరు మీదున్నది. రేపు నేను తీసేయిస్తే నీ పేజీ ఎట్ల నడుస్తది?"

పెళ్ళయిన నాటి నుంచి ఆయనకు ఎదురు చెప్పలేదు బాలామణి. ఇప్పుడు కూడా గొంతు పెంచలేదు. "ఫోన్ మీ పేరు మీదున్నది మామా. మరి కండెలు ఎవరి పేరు మీదున్నయి?"

"కండెలేంది?"

"నేను చుట్టేయి. లైను తీసేస్తే తీసేయున్రి. రేపటి సంది కండెలు చుట్టేటోల్లను గూడ చూస్కోన్రి. కంప్యూటర్లు ఊడ్సేటోల్లను, క్లాస్ చెప్పేటోల్లను గూడ."

రాజారాం ఇంకేదో అనబోయి సాంచాల వైపు చూశాడు. ఏ సాంచాకు గంటకు ఎన్ని కండెలు కావాలో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఊళ్ళో కండెలు చుట్టడానికి మనిషి దొరకడం ఎంత గగనమో కూడా తెలుసు. చుట్టేవాళ్ళు అందరూ ఎవరింట్లోనో కోడళ్ళే. తుండు భుజాన వేసుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఫోన్ మాట ఎత్తలేదు.

మర్నాడు తెల్లారగట్ల మోడెం ఎప్పట్లాగే కీచుమని అరిచింది, అవతలివైపు ఎప్పట్లాగే అందుకుంది. బాలామణి ఆ రోజు వార్తల కన్నా ముందు ఒక వాక్యం పెట్టింది: "ఈ పేజీ రాసే మనిషి ఉంది, పేరు బాలామణి, సోలాపూర్‌లో ఉంటుంది, చేతిలో కండె ఉన్నప్పుడు ఆలోచిస్తుంది." తర్వాత పొయ్యి మీద చాయ్ పెట్టి, పళ్ళెంలో బియ్యం పోసుకుని కూర్చుంది. రాళ్ళు ఏరుతూ ఏరుతూ ఆగింది. బియ్యాన్ని అరచేత్తో చదును చేసి, చూపుడువేలితో తన పేరు రాసింది. ఉంగరం లేకుండా కూడా బియ్యం చక్కగా పక్కకు జరిగింది.

వెనక నీడ పడింది. చంద్రభాగ వచ్చి నిలబడింది. తిండి గింజల్లో పిచ్చి రాతలేమిటని తిడుతుందనుకుంది బాలామణి. ముసలామె మోకాళ్ళ మీద చేతులాన్చి కష్టంగా పక్కన కూర్చుంది. చదువు రాదు ఆమెకు. పళ్ళెంలోని గీతల్ని చాలాసేపు చూసింది.

"గిదేనా నీ పేరు?"

"గిదే అత్తమ్మా."

"దాని కింద నాది గూడ రాయి."

బాలామణి వేలు పళ్ళెం మీదికి పోయింది. "చంద్రభాగ" అంటూ మొదటి అక్షరం మొదలుపెట్టింది.

"అది కాదు" అంది ముసలామె. "అది మీ మామ రాసింది. మా ఊర్లె నన్ను లస్మవ్వ అంటుండిరి."

బాలామణి చెయ్యి ఆగిపోయింది. ఏడేళ్ళుగా ఒకే పొయ్యి దగ్గర ఇద్దరూ మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. అడగాలని తనకూ తోచలేదు. సగం రాసిన అక్షరాన్ని చెరిపేసి, నెమ్మదిగా, పెద్దగా, లస్మవ్వ అని రాసింది. ముసలామె తన వంకర వేలును ఆ గీతల వెంట ఈ చివర నుంచి ఆ చివరిదాకా పోనిచ్చింది. మళ్ళీ మొదటికొచ్చి ఇంకోసారి పోనిచ్చింది.

"ప్రాజక్తా! చాయ్ ఏమాయె?" ముందు గదిలోంచి వీరేష్ కేక వినపడింది.

ఇద్దరూ కదల్లేదు. సాంచాలు ఇంకా మొదలవలేదు కనుక వినపడలేదని చెప్పుకోవడానికి కూడా లేదు.

"ప్రాజక్తా!"

"ఎవరు, ప్రాజక్తనా?" అంది బాలామణి, పళ్ళెం కదలకుండా ఒక చేత్తో పట్టుకుని. "అట్లాంటి మనిషే లేదు. చాయ్ పొయ్యి మీదున్నది, పోస్కో."